టేబుల్ దగ్గర పేచీలు పెట్టే ప్లేయర్లతో ఎలా నెగ్గుకురావాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భీమవరంలో ప్రతి ఆదివారం మీ అక్కగారింట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడిస్తున్నారు, అంటే ఒక్కొక్కరూ ఒక్కో క్యారెక్టర్‌గా డైస్ వేస్తూ కలిసి కథ ఆడే ఆట. కథ నడిపే డీఎం (డంజన్ మాస్టర్) మీరే. ఆడేవాళ్లు ఐదుగురు. ఫైటర్ (యోధుడు) ఆడే బావగారు అందరి నిర్ణయాలూ ఆయనే చెప్పేస్తున్నారు. విజార్డ్ (మంత్రగాడు) ఆడే స్నేహితుడు ప్రతి డైస్ రోల్‌కీ రూల్ తీస్తాడు. రోగ్ (దొంగ) ఆడే కుర్రాడు సాటివాళ్ల సంచుల్లోంచే దొంగతనం చేసి "నా క్యారెక్టర్ అంతే" అంటున్నాడు, మొన్న క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే క్యారెక్టర్) ఉంగరం కూడా కొట్టేశాడు. ఆ క్లెరిక్‌ని ఆడేది మీ పిన్నిగారమ్మాయి, నోరే విప్పదు. రేంజర్ (అడవి వేటగాడు) ఆడేవారికి రొయ్యల చెరువులున్నాయి, సగంలో లేచి వెళ్లిపోతాడు, ఉన్నంతసేపూ ఫోన్ చూస్తాడు. "డ్రాగన్‌ని దింపి బావగారి క్యారెక్టర్‌ని చంపేస్తే దారికొస్తారా, లేక గ్రూపే మూసేయాలా" అని అడిగారు.

రెండూ వద్దండి.

ముందు డ్రాగన్ సంగతి. మనుషుల మధ్య వచ్చిన చిక్కు కథలో తీరదు. మీరు వేసింది శిక్ష అని ఆయనకి తెలియనే తెలియదు కదా. డ్రాగన్ వచ్చింది, డైస్ కలిసిరాలేదు, పోయాం అనుకుంటారు. వచ్చే వారం అదే లెవెల్‌లో బార్బేరియన్ అనే ఇంకో యోధుణ్ని రాసుకొచ్చి మళ్లీ అందరి వంతులూ ఆయనే ఆడతారు. ఒకవేళ శిక్షేనని పసిగట్టారా, ఇంకా చెడుతుంది. డీఎం కక్ష తీర్చుకున్నాడని టేబుల్ మొత్తానికీ అర్థమవుతుంది, ఆ తర్వాత తెర వెనక మీరు నిజాయితీగా వేసిన రోల్‌ని కూడా ఎవరూ నమ్మరు. పైగా డ్రాగన్ ఊదే నిప్పు ఒక్క బావగారి మీదే పడదు, పక్కనున్న క్లెరిక్ కూడా కాలిపోతుంది.

కాబట్టి పక్కకు పిలిచి మాట్లాడాలి. ఈ సలహా ఇంగ్లీషు వీడియోల్లో మీరు వినే ఉంటారు. అక్కడ దాని వెంటే వచ్చే రెండో సలహా "వినకపోతే తీసేసి కొత్త ప్లేయర్‌ని వెతుక్కోండి" అని. హైదరాబాద్, బెంగళూరుల్లో అది కుదురుతుంది. భీమవరం, అమలాపురం, తణుకుల్లో ఈ ఆట తెలిసినవాళ్లు ఐదుగురు ఒకచోట చేరడమే గొప్ప, ఆ ఐదుగురిలో ఇద్దరు చుట్టాలే అయి ఉంటారు. డీఎం వయసులో చిన్న, ప్లేయర్ పెద్ద, ఆట జరిగేది ఆయనింట్లో, టీ ఇచ్చేది అక్క. మొహమాటం వల్లే సగం గ్రూపులు మాట్లాడుకోకుండా విడిపోతాయి. అందుకని ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలతో అన్నది మనకి మరీ ముఖ్యం.

ఆట అయిన వెంటనే వద్దు. మూడు గంటలు కూర్చుని అందరూ అలసిపోయి ఉంటారు, ఓడిన వేడి ఇంకా దిగదు. మరీ ఆలస్యమైతే మీరు ఏ సంఘటన గురించి అంటున్నారో ఆయనకి గుర్తుండదు. ఆదివారం ఆడితే మంగళవారమో బుధవారమో ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, ఎదురెదురుగా, ఇద్దరే. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పేరెత్తకుండా "కొంతమంది ఇతరుల వంతుల్లో కలగజేసుకుంటున్నారు" అని పెట్టే మెసేజ్ అన్నిటికన్నా అన్యాయం. ఎవరినన్నారో అందరికీ తెలుస్తుంది, ఆయనకి నలుగురిలో తలకొట్టేసినట్టు ఉంటుంది, సమాధానం చెప్పుకునే దారీ ఉండదు. అక్కతో చెప్పించడం కూడా వద్దు, ఆట గొడవ కాస్తా ఇంటి గొడవ అవుతుంది.

జరిగిన ఒక్క సంఘటన చెప్పండి, దానివల్ల ఏమైందో చెప్పండి, వచ్చే వారం ఏం కావాలో అడగండి. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట రానివ్వొద్దు. ఇలా అనొచ్చు:

"బావగారూ, మొన్న వంతెన మీద గాబ్లిన్లు వచ్చినప్పుడు చెల్లి ఏ స్పెల్ వేద్దామా అని చూసుకుంటోంది కదండీ. మీరు 'బ్లెస్ వెయ్యి' అనేశారు. మంచి సలహాయే గానీ, ఆ తర్వాత ఆట అయ్యేదాకా తనంతట తాను ఒక్క మాటా అనలేదు. ఈ ఆదివారం తన వంతులో తను అడిగితేనే చెబుతారా?"

అక్కడితో ఆపేయండి. ఆయన "సాయం చేద్దామనే కదా" అంటే అవునండీ అనండి, ఎందుకంటే నిజంగానే సాయం చేద్దామనే. ఇలాంటి ప్లేయర్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. ఆట మీద అందరికన్నా ఎక్కువ ఇష్టం ఉన్నవాళ్లు, ఎత్తుగడలు త్వరగా తట్టేవాళ్లు, పక్కవాడు ఆలోచిస్తుంటే ఆగలేనివాళ్లు.

ఆ ఉత్సాహానికి ఒక పని చూపించాలి. ఇనిషియేటివ్ (యుద్ధంలో వంతుల వరస) పట్టీ ఆయన చేతికివ్వండి. ఎవరి వంతో, తర్వాత ఎవరో ఆయనే పైకి పిలవాలి: "ఇప్పుడు క్లెరిక్, తర్వాత రోగ్, సిద్ధంగా ఉండు." ఇతరుల వంతులు లాక్కున్న మనిషే ఇప్పుడు వంతులు అందిస్తాడు. మీకూ ఒక బరువు తగ్గుతుంది. మ్యాప్ గీసే పని కూడా ఇవ్వొచ్చు. ఇవ్వకూడనిది కాలర్ పని. 1981 నాటి బేసిక్ సెట్‌లో పార్టీ తరఫున అందరి పనులూ డీఎంకి ఒక్కరే చెప్పే కాలర్ అనే పాత్ర ఉండేది. పెద్ద గుంపులకి అది పనికొచ్చింది. మీ టేబుల్‌కి అదే జబ్బు.

రూల్స్‌లోనూ మీకు ఒక ఆసరా ఉంది. ఐదో ఎడిషన్‌లో ఒక రౌండ్ (అందరికీ ఒక్కో వంతు) అంటే కథలో 6 సెకన్లు. తన వంతులో క్యారెక్టర్ ఒకటి రెండు ముక్కలు అనగలదు, అంతే. కాబట్టి యుద్ధం మొదలయ్యాక "నువ్వు అటు 30 అడుగులు జరిగి, బ్లెస్ వేసి, తర్వాత తలుపు వెనక్కి..." అన్నంత పొడుగు సలహా ఫైటర్ నోట రాకూడదు. "వెనక్కి రా!" అని అరవొచ్చు. దీన్ని బావగారి మీద పెట్టిన ఆంక్షలా కాకుండా అందరికీ ఒకే రూల్‌గా చెప్పండి, రాక్షసులకీ అదే వర్తింపజేయండి. గాబ్లిన్ల నాయకుడు కూడా తన వంతులో ఒక్క కేకే వేస్తాడు.

అలాగని ఆలోచించేవాళ్లకి ఎంతసేపైనా ఇవ్వమని కాదు. ముందు వంతు నడుస్తున్నప్పుడే "తర్వాత నువ్వే" అని హెచ్చరించి, వంతు వచ్చాక అర నిమిషం ఇవ్వండి. తేల్చుకోలేకపోతే ఆ క్యారెక్టర్ డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం) తీసుకున్నట్టు. తన తర్వాతి వంతు దాకా తన మీదకొచ్చే దాడులు డిసడ్వాంటేజ్‌తో (డైస్ రెండుసార్లు వేసి తక్కువది లెక్కేయడం) వస్తాయి కాబట్టి అది శిక్షలా అనిపించదు, కొత్తవాళ్లు కూడా కంగారుపడరు.

ఇక మీ పిన్నిగారమ్మాయి. నోరు విప్పకపోవడం దానికదే తప్పు కాదండి. కొందరికి వింటూ, డైస్ వేస్తూ, కథ చూడటమే ఆట. ముందు తనని విడిగా అడగండి, "నీకు ఇలాగే బాగుందా, ఇంకాస్త చేయాలనుందా?" అని. బాగుందంటే వదిలేయండి. చేయాలనుందంటే మీరు అడిగే ప్రశ్న మార్చాలి. "నువ్వేం చేస్తావు?" అన్నది బిడియస్తులకి అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, ఎందుకంటే దానికి హద్దు లేదు. "గుడి తలుపు మీద చెక్కిన గుర్తు నీ దేవతకి శత్రువుదని నీకొక్కదానికే తెలుసు. వీళ్లకి చెబుతావా, ముందు నువ్వే లోపలికి తొంగిచూస్తావా?" అని అడగండి. తన క్యారెక్టర్‌కి మాత్రమే తెలిసిన సంగతి, దానికి రెండు దారులు. ఆ సంగతి శనివారమే మెసేజ్‌లో పంపితే తను ఆలోచించుకుని వస్తుంది. యుద్ధం లేనప్పుడు టేబుల్ చుట్టూ వరసగా అడగండి, ఆ వరస ఆ అమ్మాయితో మొదలై బావగారితో ముగియాలి. పెద్దాయన చెప్పేశాక చిన్నపిల్ల వేరే మాట అనడం మన ఇళ్లలో అంత తేలిక కాదు. అందుకే ఆ అమ్మాయి మాట ముందు పడాలి.

రోగ్ ఆడే కుర్రాడి సంగతి కాస్త లోతుగా చూడాలి. చాలామంది డీఎంలు ఇక్కడే "డైస్ తేలుస్తాయిలే" అని వదిలేస్తారు. డైస్ తేల్చవు. లెక్క చూడండి. ఒకటో లెవెల్ రోగ్‌కి డెక్స్‌టెరిటీ (చురుకుతనం) 16 ఉంటే డైస్‌కి +3 కలుస్తుంది. స్లైట్ ఆఫ్ హ్యాండ్‌లో (చేతివాటం) ఎక్స్‌పర్టైజ్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే ప్రొఫిషియెన్సీ (నేర్చిన పనికి కలిసే అంకె) +2 రెట్టింపై +4. మొత్తం +7. ఎదుటివాళ్లలో పర్సెప్షన్‌లో (గమనించే శక్తి) ప్రొఫిషియెన్సీ లేని మామూలు క్యారెక్టర్ పాసివ్ పర్సెప్షన్ (డైస్ వేయకుండానే ఉండే అంకె) 12 అనుకుందాం, రోగ్ మొత్తం దాన్ని అందుకోవాలి. ఇరవై ముఖాల డైస్ మీద 5 పడినా చాలు, దొంగతనం జరిగిపోయినట్టే. అంటే నూటికి 80 సార్లు. లెవెల్ పెరిగే కొద్దీ ఇంకా పెరుగుతుంది. ఎదుటి ప్లేయర్‌కి తన వస్తువు పోయిందని తెలుసు, క్యారెక్టర్‌కి తెలియదు కాబట్టి ఏమీ చేయకూడదు. తను ఒప్పుకోని ఆటలో చేతులు కట్టేసుకుని కూర్చోవాలి. కుర్రాడికి సరదాగా ఉన్నది అవతలి మనిషికి అవమానం అయ్యేది అందుకే.

దీనికి బాగా పనిచేసే రూల్ ఒకటుంది: ఒక ప్లేయర్ క్యారెక్టర్ మరో ప్లేయర్ క్యారెక్టర్‌కి హాని చేయబోతే ఫలితం చెప్పేది డైస్ కాదు, ఆ హాని ఎవరికో ఆ ప్లేయర్. "దొరికిపోయావు" అంటే దొరికినట్టు, "సరే, తీశావు, సరదాగా ఉంది" అంటే తీసినట్టు. దొంగతనం, దాడి, మాయ చేసి లొంగదీసుకోవడం, అన్నిటికీ ఇదే. ఈ రూల్ పెట్టాక అడక్కుండా చేసే దొంగతనాలకి పనుండదు, ఇద్దరూ ముందే అనుకుని ఆడే మంచి గొడవలు మాత్రం మిగులుతాయి.

"నా క్యారెక్టర్ అంతే" అన్న వాదనకి మెత్తగానే గానీ సూటిగా జవాబివ్వాలి. ఆ క్యారెక్టర్‌ని రాసింది తనే, మార్చగలిగేదీ తనే. కుర్రాడిని రెండు ప్రశ్నలు అడగండి: నీ రోగ్ ఈ నలుగురితోనే ఎందుకు తిరుగుతున్నాడు? చేతివాటం ఉన్న మనిషిని వీళ్లెందుకు వెంట ఉంచుకుంటున్నారు? వీటికి జవాబు కూర్చుని రాసేటప్పుడే క్యారెక్టర్ మారిపోతుంది. పైగా అతనికి కావలసింది దొంగతనం చేసిన థ్రిల్లే కదా, అది మీరే బయట అమర్చండి. జమీందారు ఖజానా, సంతలో వడ్డీవ్యాపారి చిట్టా, రేవులో ఓడ కప్తాను తాళంచెవి. పార్టీ అంతా కాపలా కాస్తుంటే అతను లోపలికి దూరే సన్నివేశం నెలకొకటి ఉంటే సాటివాళ్ల సంచుల జోలికి రాడు.

రూల్స్ తీసే స్నేహితుడు మీకు పనికొచ్చే మనిషి. పోగొట్టుకోవద్దు. అయితే ముందు ఒకటి చూసుకోండి: మీ టేబుల్ మీద ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉంది? 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2024లో వచ్చిన సవరించిన పుస్తకం, రెండూ కలిసిపోయిన టేబుళ్లలో వాదనలు ఆగవు, ఎందుకంటే ఇద్దరూ చెప్పేది నిజమే అవుతుంది. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్‌కి ఒకటో లెవెల్‌లో పాత పుస్తకంలో ఒక ఎనిమిది ముఖాల డైస్, కొత్తదాంట్లో రెండు. హీలింగ్ పోషన్ తాగడం పాతదాంట్లో యాక్షన్ (వంతులో చేసే ముఖ్యమైన పని), కొత్తదాంట్లో బోనస్ యాక్షన్ (దానికి తోడు చేసే చిన్న పని). ఏమరుపాటుగా దొరికినవాడు పాతదాంట్లో మొదటి వంతు పోగొట్టుకుంటాడు, కొత్తదాంట్లో ఇనిషియేటివ్ డిసడ్వాంటేజ్‌తో వేస్తాడు. ఏదో ఒక సంవత్సరం పుస్తకం అని తేల్చి రాసి పెట్టుకుంటే సగం గొడవ అక్కడే పోతుంది. కొనలేనివాళ్లకి ఎస్ఆర్‌డీ (ముఖ్యమైన రూల్స్ ఉన్న పత్రం) ఉచితంగా దొరుకుతుంది. 2014 రూల్స్‌కి సంబంధించిన 5.1ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైసెన్సు) కింద విడుదల చేశారు. 2014 పుస్తకమే అనుకుంటే అందరి ఫోన్లలోనూ అదే ఉంచండి.

మిగిలిన సగానికి పద్ధతి ఇది. సందేహం వస్తే రెండు నిమిషాలు వెతకొచ్చు. దొరక్కపోతే మీరు అప్పటికి ఒక తీర్పు చెప్పి ఆట ముందుకు నడపాలి, ప్రశ్నని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆట అయ్యాక దాన్ని తేల్చే పని ఆ స్నేహితుడిదే. వచ్చే వారం మొదటి ఐదు నిమిషాల్లో ఆయన చెబుతాడు, అక్కడి నుంచి అదే అమలు. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పొద్దు. ఒక్క మినహాయింపు: ఆ తీర్పు వల్ల ఎవరి క్యారెక్టరైనా చచ్చిపోయేటట్టుంటే రెండు నిమిషాల లెక్క పక్కనపెట్టి అప్పుడే వెతకండి. ఆయన చెప్పింది సరైనదైతే ఒప్పేసుకోండి. 2014 రూల్స్‌లో ఇరవై పడితే తప్పకుండా గెలిచేది అటాక్ రోల్‌కే (దాడికి వేసే డైస్) గానీ మామూలు ఎబిలిటీ చెక్‌కి (ఇతర పనులకి వేసేది) కాదని ఆయన అంటే, ఆయనే కరెక్టు.

ట్రోల్ (నిప్పు, యాసిడ్ తగిలితే తప్ప గాయాలు వాటంతటవే మానిపోయే రాక్షసుడు) కనబడగానే "నిప్పో యాసిడో వెయ్యండి" అని పుస్తకం చదివిన ప్లేయర్ అరవడం గురించి కూడా ఒక ముక్క రాశారు. దాని మీద పెద్దగా పోట్లాడకండి. తెలిసిన సంగతిని మరిచిపోయినట్టు నటించమనడం ఎవరికీ సరదా కాదు. ఆ రహస్యం మీద కథ అంతా నిలబెట్టకుండా ఉంటే చాలు, లేదా మీ అడవిలో ట్రోల్‌కి చలి పడదని మార్చేసి, ఆ ఆనవాళ్లు ముందే ఒకటి రెండు చోట్ల వదలండి.

రేంజర్ ఆడేవారిని మాత్రం ఈ జాబితాలోంచి తీసేయండి. కరెంటు పోతే చెరువులో ఏరేటర్లు ఆగుతాయి, జనరేటర్ వేసేలోపు ఆక్సిజన్ పడిపోతే రొయ్య తేలిపోతుంది. ఆ ఫోన్ వస్తే లేచి వెళ్లాల్సిందే. ఆటనే దానికి తగ్గట్టు అమర్చుకోవాలి. ఐదుగురిలో ముగ్గురుంటే ఆట నడుస్తుంది, లేని మనిషి క్యారెక్టర్ బయట గుర్రాలకి కాపలా ఉంటుంది, లెవెల్ మాత్రం అందరికీ కలిసే పెరుగుతుంది. వీలైనంతవరకు ప్రతి సెషన్‌నీ ఊళ్లోనో విడిదిలోనో ముగించండి, అప్పుడు ఎవరు రాకపోయినా కథ ఇరుక్కోదు. సంక్రాంతి మూడు రోజులు, పంట కోతలు, మాఘం శ్రావణం పెళ్లిముహూర్తాలు ముందే క్యాలెండర్‌లో కొట్టేయండి.

ఫోన్ చూడటానికి కారణం తరచుగా వంతుల మధ్య ఖాళీయే. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, రాక్షసులకి ఐదు పడితే ఒక రౌండ్ 25 నిమిషాలు. ఎవరైనా ఫోన్ తీస్తారు. పైన చెప్పిన అర నిమిషం పద్ధతితో రౌండ్ పది నిమిషాల లోపుకి వస్తుంది, అప్పటికీ తీస్తే అప్పుడు అడగండి. క్యారెక్టర్ షీట్లు ఫోన్లో కాకుండా కాగితం మీద ఉంటే మంచిది.

ఇవన్నీ కుదురుకోవడానికి సెషన్ జీరో (ఆడకుండా, ఎలా ఆడాలో మాట్లాడుకునే పూట) ఒకటి పెట్టుకోవాలి. మొదలుపెట్టి నెలలైనా ఫర్వాలేదు, ఒక ఆదివారం ముప్పావుగంట చాలు. ఎలాంటి ఆట కావాలో ఒక్కొక్కరినీ అడగండి, "ఇప్పటిదాకా నీకు బాగా నచ్చిన ఘట్టం ఏది?" అని. ముగ్గురు మాటల సన్నివేశాలు చెప్పి బావగారొక్కరే యుద్ధం చెబితే, ఆయన ఎందుకు విసుగెత్తి అందరి వంతులూ లాగుతున్నారో మీకు తెలిసిపోతుంది. ఒకవేళ ఎవరికీ ఏ ఘట్టమూ గుర్తు రాకపోతే చిక్కు ప్లేయర్లలో లేదు, మీరు నడిపే కథలో వాళ్లు తేల్చగలిగింది ఏమీ లేకుండా పోయింది.

కథలో ఏది రాకూడదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన లైన్స్ అండ్ వీల్స్ పద్ధతి తేలిక: లైన్ అంటే కథలోకి అసలు రానిది, వీల్ అంటే జరిగిందని తెలుస్తుంది గానీ వర్ణించనిది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఇంకా తేలిక: ఎక్స్ గీసిన కాగితం టేబుల్ మధ్య ఉంటుంది, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో వదిలేస్తారు, ఎందుకని అడగరు. మనవైపు ఇది లాంఛనం కాదు. 1996 నవంబరు తుఫానులో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు కోనసీమ నిండా ఉన్నాయి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగింది. మీరు సరదాగా రాసుకున్న ఉప్పెన సన్నివేశం ఎవరికి ఎక్కడ తగులుతుందో మీకు తెలియదు. అలాగే కథలోని తెగలకి చుట్టుపక్కల కులాల పోలికలు, ఊళ్ల పోలికలు అంటగట్టడం గట్టి లైన్‌గా పెట్టండి. నవ్వుతూ మొదలై ఊళ్లోకి పాకుతుంది.

ఆడపిల్లలున్న టేబుల్ దగ్గర వెకిలి మాటలకి ఈ నెమ్మది పద్ధతులేవీ వర్తించవు. రెండు రోజులు ఆగడం, విడిగా పిలవడం లేదు. అక్కడికక్కడే ఆట ఆపి "ఇది ఇక్కడ కుదరదు" అనాలి, ఎంత పెద్దవాళ్లయినా సరే. మళ్లీ అంటే ఆ రోజుతో సరి.

మామూలు చిక్కుల్లో రెండుసార్లు విడిగా మాట్లాడాక కూడా ఏమీ మారకపోతే విడిపోవాల్సిందే. చేయకూడనిది ఆయన లేకుండా కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టుకోవడం. భీమవరంలో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ముఖాముఖి చెప్పండి: "బావగారూ, నేను నడిపే తీరు మీకు సరిపడటం లేదండి, ఈ కథ ఈ కోటతో ముగించేస్తాను. కొత్తది చిన్నగా ముగ్గురితో చేస్తున్నాను." నిజంగానే ముగించండి. రెండు మూడు నెలలకొకసారి ఉట్టి యుద్ధాలతో ఒక్కపూట ఆట పెట్టి ఆయన్ని పిలవండి, అక్కడ ఆయనే అందరికన్నా బాగా ఆడతారు. ఆ తర్వాత ఆట వేరే ఇంటికి మార్చాలి. అసలు ఇప్పటినుంచే వంతులవారీగా ఇళ్లు మార్చడం మంచిది. ప్రతి ఆదివారం ఆరుగురికి టీలూ పకోడీలూ మీ అక్క ఒక్కరే చేస్తున్నారన్నది కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి, ఆ ఖర్చు ఆరుగురూ పంచుకోండి.

ఉంగరం సంగతి మాత్రం ఈ ఆదివారం డైస్ బయటికి తీయకముందే తేల్చండి. శనివారం కుర్రాడితో మాట్లాడి కొత్త రూల్ చెప్పండి. తర్వాత మీ చెల్లిని అడగండి: ఉంగరం తిరిగి కావాలా, లేక తన క్లెరిక్ ఆ దొంగతనం కనిపెట్టే సన్నివేశం ఆడాలనుందా? తిరిగి కావాలంటే రాత్రి విడిదిలో సంచిలో దొరికిందని ఒక్క వాక్యంలో ముగించి ముందుకెళ్లండి. ఆడాలనుంటే మొదటి సన్నివేశం అదే. మొదటి మాట తనదే, రోగ్ చెప్పాల్సింది తర్వాత చెబుతాడు.